మా కాలనీ వెనక 240 ఫ్లాట్లకు పర్మిషన్ ఇచ్చారు. అభ్యంతరం చెప్పే దారి ఉందా?

కాలనీ_సెక్రటరీ
ఆదివారం, ఉదయం 8:12

అందరికీ నమస్కారమండి. మాది ఘట్‌కేసర్ దాటాక ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న చిన్న కాలనీ. అన్నీ ఇండిపెండెంట్ ఇళ్లే. ఎక్కువమంది రిటైరైన టీచర్లు, బ్యాంకు వాళ్లు. మా వెనక మూడెకరాల ఖాళీ స్థలం ఉంది, మొన్నటిదాకా అందులో గేదెలు మేసేవి. ఇప్పుడు చుట్టూ రేకులు కట్టి పెద్ద బోర్డు పెట్టారు. స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఏడు అంతస్తులు, 240 ఫ్లాట్లు, 41 లక్షల నుంచి మొదలు, మధ్యతరగతికి అందుబాటులో సొంతిల్లు అని రాశారు. పర్మిషన్ నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రెండూ వేశారు.

మాకున్నది ఒక్కటే దారి. మెయిన్ రోడ్డు నుంచి కాలనీ మధ్యగా పోయే 30 అడుగుల రోడ్డు. ఆ 240 ఇళ్ల బళ్లూ దాని మీదుగానే పోవాలి. ఎండాకాలం వస్తే మా బోర్లు ఎండిపోతాయి, ట్యాంకర్ కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటాం. డ్రైనేజీ లైను లేదు, అందరివీ సెప్టిక్ ట్యాంకులే.

చుట్టుపక్కల వాళ్లను ఒక్క మాట అడగకుండా పర్మిషన్ ఎలా ఇస్తారు? అభ్యంతరం చెప్పాలంటే ఎక్కడ, ఎన్ని రోజుల్లోపు చెప్పాలి? వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టుకున్నాం. తెలిసినవాళ్లు చెబితే అక్కడ మాట్లాడతాను.

హబ్సిగూడ_హరి
ఆదివారం, ఉదయం 8:40

హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకోండి సార్, ఇంకేమీ ఆలోచించకండి. ఇలాంటివి పక్కన లేస్తే మీ ప్లాట్ల రేట్లు పడిపోతాయి. పైగా 41 లక్షలకు వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో ఏమో. బాల్కనీల నిండా బట్టలు, రోడ్డు నిండా బైకులు.

ల్యాబ్‌మురళి
ఆదివారం, ఉదయం 9:25

ఎలాంటివాళ్లంటే నాలాంటివాళ్లు, హరిగారూ. డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో చెబుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకు 62 వేలు. ఉప్పల్‌లో రెండు గదులకు అద్దె కట్టి, పిల్ల ఫీజు కట్టాక మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఈ మధ్య నేను చూసినవాటిలో మాకు అందేలా కనిపించింది సెక్రటరీగారు చెబుతున్న ప్రాజెక్టు ఒక్కటే. బోర్డు వివరాలను బట్టి అదే అనుకుంటున్నా.

బట్టలు మాత్రం బాల్కనీలోనే ఆరేస్తామండి. డ్రయర్ కొనే స్థోమత లేదు.

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
ఆదివారం, ఉదయం 11:03

సెక్రటరీగారూ, నేను ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. మీరు అడిగినవాటికి వరసగా చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

మన దగ్గర బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చే ముందు పక్కవాళ్లకు నోటీసు పంపి అభ్యంతరాలు అడిగే పద్ధతి లేదు. కాబట్టి ‘ఎన్ని రోజుల్లోపు’ అన్న లెక్క కూడా లేదు. ప్రజల అభిప్రాయం అడిగేది దానికి ముందు దశలో. హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రాంతానికి 2013లో నోటిఫై చేసిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2031 ఉంది. అందులో ఏ సర్వే నంబరు ఏ జోన్ అని రాసి ఉంటుంది. వ్యవసాయ జోన్‌నో, పరిశ్రమల జోన్‌నో నివాస జోన్‌గా మార్చాలంటే పేపర్లో ప్రకటన ఇచ్చి 15 రోజులు గడువు ఇస్తారు. చిన్న అక్షరాలతో ఎక్కడో మూల వేస్తారు, చూసేవాళ్లు తక్కువ. మీ వెనక స్థలం మొదటినుంచీ నివాస జోన్‌లోనే ఉంటే అసలు ఆ దశే రాదు.

రెండోది పర్యావరణ అనుమతి. 2006 నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంటే రెండు లక్షల పదిహేను వేల చదరపు అడుగులు దాటితే అది తీసుకోవాలి. 240 ఫ్లాట్లు, పార్కింగ్ కలిపితే ఇది కచ్చితంగా దాటుతుంది. ఫ్యాక్టరీలకు, గనులకు పెట్టినట్టు దీనికి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. భవన నిర్మాణాలకు ఆ నోటిఫికేషన్‌లోనే మినహాయింపు ఇచ్చారు. కానీ అనుమతి లేఖలో షరతులు ఉంటాయి: మురుగునీటి శుద్ధి ప్లాంటు, నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు, వాన నీళ్ల గుంతలు ఎన్ని. ఆ లేఖ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి వాళ్లు రిపోర్టు ఇవ్వాలి.

మూడోది మీ రోడ్డు. మీ గొడవలో బలం ఉన్నదల్లా అక్కడే. 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168 చదవండి. ఎత్తు 18 మీటర్లు, అంతకు పైన ఉంటే హైరైజ్ కింద లెక్క. హైరైజ్‌కు కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి, అంటే 40 అడుగులు. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డు వెడల్పూ పెరుగుతుంది. ఏడంతస్తులంటే మామూలుగా 21 మీటర్లు. మీరేమో 30 అడుగుల రోడ్డు అంటున్నారు. అయితే ప్లాన్‌లో ఏ రోడ్డు చూపించారు? అది చూడకుండా మీటింగ్‌లో ఏం మాట్లాడినా గాలిలో మాటే.

ఒక మాట. పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఎత్తు, రోడ్డు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలే ఖాళీ), చెరువు బఫర్ (చెరువు పక్కన కట్టకూడని జాగా), ఫైర్ సేఫ్టీ చూస్తారు. ఫ్లాటు ధర ఎంత, కొనేవాళ్లు ఎవరు అన్నది చూడరు, చూడకూడదు కూడా.

రమ_రీడింగ్
ఆదివారం, మధ్యాహ్నం 2:50

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. ఇక్కడ పక్కింటివాళ్లు వెనక గది పెంచుకుంటున్నా కౌన్సిల్ నుంచి మాకు ఉత్తరం వస్తుంది, 21 రోజుల్లోపు అభిప్రాయం చెప్పమని. అక్కడ కూడా 21 రోజుల లెక్క ఏదో ఉందని విన్నాను?

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
ఆదివారం, మధ్యాహ్నం 3:15

ఉందమ్మా. అక్కడ పక్కవాళ్లు మాట్లాడడానికి 21 రోజులు, ఇక్కడ పర్మిషన్ ఇచ్చేయడానికి 21 రోజులు. 2020లో తెచ్చిన బీపాస్ చట్టంలో పెద్ద భవనాలకు అది గడువు. ఆలోగా ఏదీ తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. అంతకుముందు ఫైలు నెలల తరబడి టేబుల్ మీద పడి ఉండేది, దాని బాధ చూసినవాణ్ని కాబట్టి గడువు పెట్టడం మంచిదే అంటాను. ఇప్పుడు బిల్డ్‌నౌ అని కొత్త సిస్టమ్ వచ్చింది.

రమ_రీడింగ్
ఆదివారం, సాయంత్రం 4:02

మా దగ్గర అందరినీ అడుగుతారు, నిజమే. దాంతో ఏమవుతుందంటే, తక్కువ ధర ఇళ్లు అనగానే ఉన్న ఊరంతా ఒకటై ట్రాఫిక్, పార్కింగ్, అక్కడుండే గబ్బిలాలకు ఇబ్బంది అని వందల ఉత్తరాలు రాస్తుంది. 1990 ప్లానింగ్ చట్టంలోని 106వ సెక్షన్ కింద కౌన్సిల్, బిల్డర్ ఒప్పందం రాసుకుంటారు. ఇన్ని ఇళ్లు తక్కువ ధరకు ఇవ్వాలి, స్కూలుకో రోడ్డుకో ఇంత కట్టాలి అని. తర్వాత ఖర్చులు పెరిగాయంటూ ఆ ఇళ్ల సంఖ్య తగ్గించమని బిల్డర్లు తిరిగి రావడమూ మామూలే. అడగడం వేరు, ఇళ్లు రావడం వేరు.

హబ్సిగూడ_హరి
ఆదివారం, సాయంత్రం 6:30

మురళిగారూ, మిమ్మల్ని పర్సనల్‌గా అనలేదు. కానీ సెక్రటరీగారు ఉన్నదంతా పెట్టి ఇల్లు కట్టుకున్నారు. ఏడంతస్తుల మీదనుంచి ఎవరో వాళ్ల పెరట్లోకి చూస్తుంటే ఎలా ఉంటుంది? రేటు పడిపోతే ఎవరు ఇస్తారు?

స్లాబ్‌మేస్త్రీ
ఆదివారం, రాత్రి 9:48

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, ఈ పేరు మాత్రం కట్టుబడి సైట్లో పెట్టారు. హరన్నా, రేటు గురించి భయం వద్దు. పక్కన 240 ఫ్లాట్లు వస్తే ముందు ఆ రోడ్డు మీద కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ బండి వస్తాయి. ఆ మూడూ వచ్చిన చోట గజం రేటు పడిపోవడం నేను చూడలేదు.

నాకు భయం వేసేది వేరే ఉంది. 40 అడుగుల రోడ్డు రూలు ట్రాఫిక్ కోసం ఒక్కటే కాదు. ఫైరింజన్ లోపలికి వచ్చి, మలుపు తిరిగి, నిచ్చెన వేయాలి. రోడ్డు తక్కువైతే బిల్డర్ తన స్థలం ముందు భాగం రోడ్డుకు వదిలి గిఫ్ట్ డీడ్ రాసిస్తాడు. అక్కడివరకు 40 అడుగులు అవుతుంది. కానీ మెయిన్ రోడ్డు నుంచి అతని గేటుదాకా ఉన్న మిగతా రోడ్డు సంగతేంటి? కొన్ని ప్లాన్లలో ‘ప్రతిపాదిత రోడ్డు’ అని చుక్కల గీత గీసి ఉంటుంది. కాగితం మీద గీత ఉంటుంది, నేల మీద మీ కాలనీ కాంపౌండ్ గోడలు ఉంటాయి.

సెక్రటరీగారూ, ఒక పని చేయండి. టేపు పట్టుకుని మీ రోడ్డు మొదలు నుంచి చివరిదాకా, ప్రతి కరెంటు స్తంభం దగ్గర గోడకీ గోడకీ మధ్య కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంటే అదీ రాసుకోండి.

ప్లాన్ కోసం ఆర్టీఐ పెట్టి 30 రోజులు ఆగక్కర్లేదు. రెరా సైట్లో ప్రాజెక్టు నంబరు కొడితే శాంక్షన్ ప్లాన్, లేఅవుట్ దొరుకుతాయి. ఆర్టీఐ ఫీజు పది రూపాయలు కూడా మిగులుతాయి.

అడ్వకేట్_ఎల్బీనగర్
సోమవారం, ఉదయం 7:20

స్టే గురించి. హైకోర్టులో రిట్ వేయొచ్చు, పక్కింటివాళ్లకు ఆ హక్కు ఉంది. కానీ జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ రూలు తప్పారు?’ అని. మా ప్రశాంతత పోతుంది, మా పెరడు కనిపిస్తుంది అంటే కేసు నిలవదు. రోడ్డు వెడల్పు తప్పు చూపించి పర్మిషన్ తెచ్చుకున్నారని కొలతలతో చూపిస్తే అప్పుడు కథ వేరు. తప్పుడు వివరాలతో తెచ్చుకున్న పర్మిషన్‌ను రద్దు చేసే అధికారం ఇచ్చినవాళ్లకే ఉంది. అందుకని ముందు వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. అది లేకుండా కోర్టుకు వెళితే ముందు అక్కడికే వెళ్లమంటారు.

ఇంకొకటి. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కట్టుబడి జరుగుతున్నంతకాలం ఆమోదించిన ప్లాన్‌ను సైటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేకుండా కరెంటు, నీళ్లు, మురుగునీటి కనెక్షన్లు ఇవ్వకూడదని కూడా అందులోనే ఉంది. వెళ్లి బోర్డు చూడండి. లేకపోతే ఫోటో తీసుకోండి.

బెజవాడ_సుబ్బు
సోమవారం, ఉదయం 10:11

అవతల రాష్ట్రం నుంచి ఒక ముక్క. మా దగ్గర ప్రభుత్వం పేదలకు కట్టిన టిడ్కో ఇళ్లు చూశాం కదండీ. 300, 365, 430 చదరపు అడుగులు, జీ ప్లస్ త్రీ, షీర్ వాల్ (గోడలన్నీ కాంక్రీటే పోసే) కట్టుబడి. గోడలు లేవడం చాలా త్వరగా అయిపోయింది. రోడ్లు, డ్రెయిన్లు, నీళ్ల ట్యాంకులు రాక చాలాచోట్ల బ్లాకులు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. కిటికీల్లోంచి తుమ్మ చెట్లు చూస్తూ ఉండేవి. పర్మిషన్‌తో పని అయిపోదు, నీళ్లూ మురుగూ తేలాలి. సెక్రటరీగారు అడగాల్సింది అదే.

అమ్మకొడుకు
సోమవారం, మధ్యాహ్నం 1:37

మా అమ్మకు ఊరి అవతల డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. 560 చదరపు అడుగులు, గాలి వెలుతురు బాగుంటాయి. ఇంటికి వంక పెట్టను. కానీ అమ్మ వంట చేసే మూడిళ్లూ సికింద్రాబాద్‌లో ఉన్నాయి. రెండు బస్సులు మారాలి. కొన్నాళ్లు తిరిగి, ఇప్పుడు వారంలో నాలుగు రోజులు పిన్ని ఇంట్లోనే పడుకుంటుంది. కొత్త ఇంటికి శనివారం వస్తుంది.

కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు కట్టారు, 2023 జూన్‌లో ప్రారంభోత్సవం చేశారు. అంత పెద్దది ఒక్కచోట కట్టడం కంటే, సెక్రటరీగారి కాలనీ లాంటి చోట్ల రెండు వందలు, మూడు వందలు కడితేనే మాలాంటివాళ్లకు మంచిదని నా అభిప్రాయం. పక్కన నాలుగు ఇళ్లుంటే పని దొరుకుతుంది, బస్సు వస్తుంది. వద్దని మీరు స్టే తెస్తే అదే బిల్డర్ ఇంకో పది కిలోమీటర్లు లోపలికి వెళ్తాడు.

హబ్సిగూడ_హరి
సోమవారం, మధ్యాహ్నం 2:05

పనివాళ్లు దొరకడం కోసం పక్కన అపార్ట్‌మెంటు కావాలా? బాగుంది లాజిక్.

మోడరేటర్
సోమవారం, మధ్యాహ్నం 2:20

హరిగారూ, ఎదుటివాళ్ల పని గురించి వ్యాఖ్యలు వద్దు. దీనికి ముందు పెట్టిన ఇంకో పోస్టు తీసేశాను. రోడ్డు, నీళ్లు, రూల్స్ గురించి ఎంతైనా రాయండి.

లోన్‌డెస్క్
సోమవారం, సాయంత్రం 7:44

మురళిగారి కోసం. నేను హౌసింగ్ లోన్లు చూస్తాను. అఫర్డబుల్ అన్న బోర్డు చూసి అన్ని రాయితీలూ వస్తాయనుకోకండి. ఒక్కోదానికి ఒక్కో లెక్క.

జీఎస్టీకి: ధర 45 లక్షల లోపు, హైదరాబాద్ పరిధిలో కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) 60 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతం. 60 మీటర్లంటే 645 అడుగులు. ఒక్క అడుగు దాటినా 5 శాతం. ఆ 45 లక్షల పరిమితి 2019లో పెట్టింది, ఇప్పటికీ అదే. నగర పరిధి బయట ఉన్న చోట 90 మీటర్ల దాకా ఇస్తారు, మీ ప్రాజెక్టు ఎందులోకి వస్తుందో అడిగి రాయించుకోండి. 41 లక్షల మీద 1 శాతానికీ 5 శాతానికీ తేడా లక్షా అరవై నాలుగు వేలు.

పీఎంఏవై అర్బన్ 2.0 (కేంద్రం ఇళ్ల పథకం) వడ్డీ రాయితీకి: ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి. మీ ఆదాయం సరిపోతుంది, ఇంటి ధర దాటిపోయింది. కాబట్టి ఆ పథకం కింద వచ్చే 1.80 లక్షల దాకా రాయితీ మీకు రాదు. సేల్స్ వాళ్లు వస్తాయని చెబితే నమ్మకండి. డాక్యుమెంటులో 35 చూపించి మిగతాది క్యాష్ ఇవ్వమంటారు కొందరు. ఆ పని మాత్రం చేయకండి.

ల్యాబ్‌మురళి
సోమవారం, రాత్రి 8:30

సేల్స్ ఆఫీసులో సరిగ్గా ఆ రెండు మాటలూ చెప్పారు సార్. పీఎంఏవై వస్తుందని, 35 చూపిద్దామని. థాంక్స్.

కాలనీ_సెక్రటరీ
తరువాతి సోమవారం, ఉదయం 6:55

నిన్న మీటింగ్ అయింది. ముందు కొలతల సంగతి. మా అబ్బాయి, నేను టేపు పట్టుకుని తిరిగాం. మెయిన్ రోడ్డు దగ్గర 33 అడుగులు, గుడి దగ్గర 31, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర దిమ్మె పోను 26. శాంక్షన్ ప్లాన్‌లో అదే రోడ్డును 12.2 మీటర్లుగా చూపించారు. స్లాబ్‌మేస్త్రీగారు చెప్పినట్టే, ప్రతిపాదిత అని చుక్కల గీత ఉంది. ఆ గీత మా ట్రెజరర్ గారి మెట్ల మీదుగా పోతోంది. ఆయన మీటింగ్‌లో నోరెత్తలేదు.

పర్యావరణ అనుమతి లేఖ కూడా దొరికింది. మురుగునీటి ప్లాంటు ఉంది. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కు, మొక్కలకు వాడాక మిగిలింది బయటి లైన్లోకి వదులుతామని రాశారు. మా దగ్గర లైనే లేదు. వదిలితే మా ముందున్న కాలవలోంచి చెరువులోకే పోతుంది.

స్టే వేద్దామని కొందరు గట్టిగా అన్నారు. పర్మిషన్ కాగితాలు ముందు పెట్టుకుని చదివాక ఆ మాట తగ్గింది. మొదట చెప్పలేదు గానీ, ఆ స్థలానికి తూర్పు వైపు ఇంకో మట్టి రోడ్డు ఉంది, అది పాత కట్ట రోడ్డు, వెడల్పు ఎక్కువ. అపార్ట్‌మెంట్ మెయిన్ గేటు అటువైపు పెట్టించాలని, మిగులు నీళ్లు ఎక్కడికి పంపుతారో లైను ఖర్చుతో సహా రాతపూర్వకంగా చెప్పించాలని, నిర్మాణానికి మా బోర్ల దగ్గర కొత్త బోరు వేయకూడదని లెటర్ రాశాం. ఎవరు కొంటారు, ఎవరు వస్తారు అన్నది అందులో లేదు.

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
తరువాతి సోమవారం, ఉదయం 9:10

మంచి లెటర్. గేటు మార్చాలంటే సవరించిన ప్లాన్ పెట్టాలి. బుకింగ్‌లు ఎక్కువ అయ్యాక అలాంటి మార్పుకు కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలని రెరా చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి ఇప్పుడే కదలండి. ఫైర్ డిపార్ట్‌మెంటుకు ఒక కాపీ పంపండి, 26 అడుగుల కొలత ఫోటోతో సహా. అది చూశాక కట్ట రోడ్డు వైపు గేటు పెట్టమని వాళ్లే చెప్పినా ఆశ్చర్యం లేదు.

ల్యాబ్‌మురళి
తరువాతి సోమవారం, మధ్యాహ్నం 1:15

సెక్రటరీగారూ, మీ దగ్గర శాంక్షన్ కాగితాలన్నీ ఉన్నాయి కదా. చిన్న సాయం. మాకు రెండో అంతస్తులో ఫ్లాటు చూపించారు, వేరేవాటికంటే లక్షన్నర తక్కువట. రేపు సాయంత్రంలోపు లక్ష రూపాయలు కట్టి బుక్ చేసుకోమంటున్నారు. ఎందుకు తగ్గిస్తున్నారో అడిగితే ‘ఆఫర్’ అన్నారు.

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
తరువాతి సోమవారం, మధ్యాహ్నం 1:31

ఆగండి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టుబడి విస్తీర్ణంలో పదో వంతు మార్టిగేజ్ (తనఖా) పెట్టుకుంటారు, ప్లాన్ ప్రకారం కట్టాలని హామీగా. ఓసీ ఇచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. అప్పటిదాకా ఆ ఫ్లాట్లు అమ్మడానికి, రిజిస్టర్ చేయడానికి కుదరదు. మామూలుగా కింది అంతస్తుల్లోనే ఉంటాయి. సెక్రటరీగారూ, ప్లాన్ చివరి షీటులో గానీ మార్టిగేజ్ డీడ్‌లో గానీ నంబర్లు ఉంటాయి చూడండి.

కాలనీ_సెక్రటరీ
తరువాతి సోమవారం, మధ్యాహ్నం 2:40

చూశాను. 24 ఫ్లాట్లు, 201 నుంచి 224 దాకా. ఎరుపు గీతలు కొట్టి ఉన్నాయి. మీకు చూపించింది ఎన్నో నంబరు బాబూ?

ల్యాబ్‌మురళి
తరువాతి సోమవారం, మధ్యాహ్నం 2:44

217.

లోన్‌డెస్క్
తరువాతి సోమవారం, మధ్యాహ్నం 2:52

రూపాయి కూడా కట్టకండి. మార్టిగేజ్‌లో ఉన్న ఫ్లాటుకు ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. నాలుగో అంతస్తో ఐదో అంతస్తో అడిగి, నంబరు రాయించుకుని రండి.

ల్యాబ్‌మురళి
తరువాతి సోమవారం, సాయంత్రం 6:20

ఇప్పుడే వెళ్లొచ్చా. ఐదో అంతస్తులో 509 ఇస్తామన్నారు, ఆఫర్ లేదట. కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద రాసివ్వమన్నాను, 652 అని రాశారు. లోన్‌డెస్క్ గారూ, అంటే ఇది 5 శాతంలోకి పోయినట్టేనా?

లోన్‌డెస్క్
తరువాతి సోమవారం, సాయంత్రం 6:34

60 మీటర్ల పరిధిలోకి వస్తే పోయినట్టే, ఏడడుగులు ఎక్కువైంది. 90 మీటర్ల పరిధి అయితే 1 శాతమే. అది తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. అదే ఫ్లోర్‌లో చిన్న సైజు ఏమైనా ఉందేమో కూడా కనుక్కోండి.